విరగని పన్నెండు బొక్కలు

ఇది రాసి పెట్టాలని మొదట అన్నది నేను కాదు, ఒక కిర్గిజ్ చెల్లె. "బైకే, ఇన్ని పుస్తకాలు చదువుతావు కదా, ఇది కూడా ఎక్కడైనా రాసి పెట్టు. జర్మనీలో ఒక గొర్రెను మా పద్ధతిలో విడదీశారని ఎవరికైనా తెలియాలి" అంది. బైకే అంటే వాళ్ల భాషలో అన్న. ఆమె అడిగింది కాబట్టి రాస్తున్నానంటే అది సగమే నిజం. మిగతా సగం ఇది: నేను చదివిన పుస్తకాల్లో రాజులున్నారు, రైతులున్నారు, గొర్రెలు కాసేవాళ్లున్నారు, గొర్రె మాంసంతో రకరకాల కూరలు వండేవాళ్లున్నారు. కాసేవాడికీ వండేవాడికీ మధ్య కత్తి పట్టుకుని నిలబడినవాడు రాసిన పుస్తకం మాత్రం నాకు ఏ బీరువాలోనూ కనబడలేదు. మా ఊరి శాఖా గ్రంథాలయంలో వెతికాను. బ్యోబ్లింగెన్ ఊరి గ్రంథాలయంలో నాలుగేళ్లుగా వెతుకుతున్నాను. లేనప్పుడు రాయాల్సింది ఆ పని తెలిసినవాడే. నాకు ఆ పని తెలుసు, రాయడమూ తెలుసు. ఈ రెండూ ఒకే మనిషికి తెలియడం అరుదని నా నమ్మకం.

పేర్లు మాత్రం రాయను. చెల్లె వద్దంది. మా నాన్నను అడగలేదు, అడిగితే ఆయన ఇంకేదో అంటాడు.

మాది సిద్దిపేట దగ్గర ఒక మండల కేంద్రం. బస్టాండు వెనక మా నాన్న మటన్ కొట్టు. రోడ్డు దాటితే గ్రంథాలయం. మా కొట్టులో పని రెండు భాగాలు. వేలాడదీసిన యాటను విడదీయడం నాన్న పని. విడదీసిన తొడను, జబ్బను చింత మొద్దు మీద పెట్టి ముక్కలు కొట్టడం నా పని. ఆదివారం మధ్యాహ్నానికి కొట్టు కడిగేసి, చేతులకు నిమ్మచెక్క రుద్దుకుని, నేను రోడ్డు దాటేవాణ్ణి. ఆదివారం కూడా గ్రంథాలయం తెరిచి ఉండేది, శుక్రవారం సెలవు. అక్కడ ఉన్న విజ్ఞాన సర్వస్వాన్ని మొదటి సంపుటం నుంచి చివరిదాకా చదివాను. మధ్యలో ఒక సంపుటం ఎవరో ఎత్తుకుపోయారు. అందులో ఉండాల్సిన విషయాలు ఎవరైనా మాట్లాడితే ఇప్పటికీ నేను మౌనంగా ఉంటాను. ఇంటర్ రెండుసార్లు తప్పాను. గ్రంథాలయంలో మార్కులు వేసేవాళ్లు లేరు, అందుకని అక్కడ ఒక్కసారీ తప్పలేదు.

నా భార్య నా మేనమామ కూతురు. బీటెక్ చదివి, బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద ఇక్కడికి వచ్చింది. నేను ఆమె వెంట వచ్చాను. "ఉద్యోగం ఎవరిది?" అని విమానాశ్రయంలో అడిగితే వేలుతో ఆమెను చూపించాను. మొదటి వారంలో అన్మెల్డుంగ్ చేయించుకున్నాం, అంటే ఊళ్లో ఉంటున్నామని ఆఫీసులో పేరు రాయించుకోవడం. ఆ కాగితం చేతికి వచ్చిన రోజే గ్రంథాలయంలో కార్డు తీసుకున్నాను. పిల్లల అరలో బొమ్మల పుస్తకాలతో జర్మన్ మొదలుపెట్టి, ఏడాదికి పెద్దల అరలోకి నడిచాను. ఆ తర్వాత ఒక టర్కీ పెద్దాయన మాంసం కొట్టులో పని దొరికింది. ఆయన్ని అందరూ ఉస్తా అంటారు, పనిలో గురువు అని. ఆయన నన్ను "హెర్ ప్రొఫెసర్" అంటాడు, నా సంచిలో ఎప్పుడూ పుస్తకం ఉంటుందని. వెక్కిరింతే, కానీ నాకు నచ్చింది.

ఆ కిర్గిజ్ చెల్లె మా కొట్టుకు నెలకోసారి వచ్చేది. ముసలివాళ్ల ఆశ్రమంలో నర్సు. ముప్పై దాటి ఉంటాయి. ఒక గురువారం వచ్చి, "శనివారానికి ఒక పూర్తి గొర్రెపిల్ల కావాలి. శోర్పో కోసం" అంది. శోర్పో ఏమిటని అడిగితే, మాంసం, బొక్కలతో కాచే సూప్ అంది. నాకు వెంటనే అర్థమైపోయింది. మా ఇంట్లో శోర్వ అంటాం. వాళ్ల శోర్పో, మన శోర్వ ఒకే వేరు నుంచి వచ్చాయని నేను చదివి ఉన్నాను కూడా. అది ఆమెకు చెప్పాను. ఆమె సంతోషపడింది. ఎలా కోయాలో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. అది అడగాల్సిన విషయమని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

శనివారం పొద్దున ఏడింటికి మొదలుపెట్టాను. ఉస్తా కొట్టులో మాంసాన్ని రంపం మిషన్ మీద కోస్తారు. నేను దాని జోలికి పోలేదు. పెట్టెలో చీరల మధ్య చుట్టి ఊరి నుంచి తెచ్చుకున్న కత్తి తీశాను. శోర్వకు ముక్క చిన్నగా ఉండాలి. ప్రతి మూలుగ బొక్కనూ సరిగ్గా నడిమికి విరవాలి, అప్పుడే మూలుగ రసంలోకి దిగుతుంది. చిన్న పెంకులు పడకూడదు. ఒక దెబ్బకు ఒక బొక్క, రెండో దెబ్బ పడిందంటే చెయ్యి తిరగలేదని అర్థం. ఆ గొర్రెపిల్ల మీద నాకు రెండో దెబ్బ అవసరం రాలేదు. అన్నీ సంచుల్లో సర్ది, పైకి మూలుగ కనబడేలా పేర్చాను.

పదకొండింటికి ఆమె వచ్చింది. సంచి విప్పి చూసింది. ఒక ముక్క చేతిలోకి తీసుకుంది.

"ఇది ఎవరికి పెట్టాలి?" అంది.

వింత ప్రశ్న అనిపించింది. "ఎవరికైనా పెట్టొచ్చు" అన్నాను.

"అదే కదా బైకే. ఇది ఎవరికైనా పెట్టేది కాదు."

ఆమె అరవలేదు. అరిచి ఉంటే నేనూ రెండు మాటలు అనేవాణ్ణి. టమాటా పెట్టెను తిరగేసి దాని మీద కూర్చుంది. ఉస్తా టీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అప్పుడు చెప్పింది.

వాళ్ల వైపు గొర్రె బొక్కను కత్తితో నరకరు. కీలు దగ్గర విడదీస్తారు. మూలుగ బొక్కలు మొత్తం పన్నెండు: ముందు కాళ్లవి మూడు జతలు, వెనక కాళ్లవి మూడు జతలు. వాటిని అలాగే మొత్తంగా పెద్ద కుండలో ఉడికిస్తారు. వచ్చినవాళ్ల వయసును బట్టి, వరసను బట్టి ఒక్కొక్కరి ముందు ఒక్కో బొక్క పెడతారు. అందరికంటే పెద్దాయనకు తుంటి బొక్క. దాన్ని జంబాష్ అంటారు. ఎవరి ముందు ఏ బొక్క పెట్టారన్నదే, ఆ ఇంట్లో ఆ మనిషి ఎవరన్నది.

"రేపు మా పెద్దనాన్న వస్తున్నాడు" అంది.

ఆమె తండ్రి పోయి ఏడాది అవుతోంది. ఆయన పోయిన వారంలో, ఈమెను ఇక్కడ ఉండనిచ్చే కార్డు గడువు పెంచడానికి ఇస్తే ఆఫీసులోనే ఉండిపోయింది. టెర్మిన్, అంటే ఆఫీసువాళ్లు కలవడానికి ఇచ్చే సమయం, దొరకలేదు. దేశం దాటితే తిరిగి రావడం ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. ఈమె ఊరికి వెళ్లకుండా ఆగిపోయింది. "తండ్రికి మట్టి వేయని పెద్ద కూతురు" అని పెద్దనాన్న ఒక్క మాట అని ఫోన్ పెట్టేశాడు. అప్పటి నుంచి ఆమె ఫోన్ ఎత్తడు. ఇప్పుడు ఉల్మ్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వచ్చాడు. ఆ కొడుకు బతిమాలితే ఒక్క పూట భోజనానికి ఒప్పుకున్నాడు. తండ్రిని తలుచుకుంటూ ఏడాది భోజనం ఆమె పెడుతోంది.

"నేను ఆ బొక్క ఆయన ముందు పెడతాను. ఆయన దాన్ని తీసుకుంటే నేను మా నాన్న కూతుర్నే. తీసుకోకపోతే ఆయన లేచి వెళ్లిపోతాడు. అసలు పెట్టకపోతే..." సంచి వైపు చూసింది. "బాగా కోశావు బైకే. చాలా శుభ్రంగా కోశావు."

ఆ మెచ్చుకోలు నాకు చెంపదెబ్బ లాగా తగిలింది.

ఉస్తా రెండు కొట్లకు ఫోన్ చేశాడు. రెండు చోట్లా అన్నీ మిషన్‌కెక్కినవే. కొత్త సరుకు మంగళవారం వస్తుంది. ఆదివారం ఈ దేశంలో అన్నీ మూసేస్తారు. ఉస్తా నా వైపు తిరిగి, "లోపల ఇంకొకటి వేలాడుతోంది, హెర్ ప్రొఫెసర్. అది ఎవరిదో నీకు తెలుసు" అన్నాడు.

తెలుసు. అది మా తెలుగువాళ్లది. ఆదివారం మధ్యాహ్నం పార్కులో మా కుటుంబాలు, దగ్గరి ఊళ్లలో చదివే పిల్లలు కలిసి వండుకుంటున్నారు. దాన్ని సాయంత్రం నేనే ముక్కలు కొట్టాలి. ఆ వంటల పెత్తనం చూసేది గుంటూరు వైపు అన్న ఒకాయన. ఆయనకు ఫోన్ చేశాను.

"అన్నా, రేపటి పొట్టేలు గురించి."

"ఏమైందయ్యా, పారిపోయిందా?"

"పారిపోయే స్థితిల లేదన్నా. దాని బదులు ఇంకోటి ఇస్త. అది ఇప్పటికే కొట్టి పెట్టిన."

"కొట్టేశావా? మరి మంచిదేగా. తేడా ఏంటి?"

"మూడు కిలోలు తక్కువుంటది."

"మూడు కిలోలా! అటు ముప్పై మందయ్యా బాబూ. అందులో సగం మీ తెలంగాణోళ్లే. ముక్క తగ్గిందంటే నన్ను పడుకోబెట్టి కొడతారు."

"మూలుగ బొక్కలన్నీ విరిచి పెట్టిన అన్నా."



"అన్నీనా?"

"ఒక్కటి గూడ వదల్లె. ఒక్క దెబ్బ మీద."

"సరేలే. కార్జం మాత్రం నాకు విడిగా తీసిపెట్టు. గోంగూర ఇంకో రెండు సీసాలు ఎక్కువేసి సర్దేస్తాలే."

ఒక తలుపు ముందు నేరమైనదే, పక్క తలుపు ముందు పనితనం. ఆ రోజు నాకు తెలిసిన మొదటి సంగతి అది.

ఇక రెండో గొర్రెను కీలు దగ్గర విడదీయాలి. చెల్లెకు పద్ధతి తెలుసు కానీ చేతిపని రాదు. వాళ్ల ఇంట్లో అది మగవాళ్ల పని, ఆమె చూసిందే గానీ కత్తి పట్టలేదు. ఉస్తా ముప్పై ఏళ్లుగా మిషన్ మీదే కోస్తున్నాడు. మిగిలింది నేను. మటన్ కొట్టు వాడి కొడుకుని, నాకు రాదంటే ఎవరు నమ్ముతారు? కానీ మా కొట్టులో విడదీసేది నాన్న అని చెప్పాను కదా.

"అరగంట ఆగండి" అని కోటు విప్పేసి బయటికి వచ్చాను. శనివారం గ్రంథాలయం మధ్యాహ్నమే మూసేస్తారు. రెండో అంతస్తులో, కిటికీ పక్క అరలో, పశువుల శరీర నిర్మాణం మీద అట్ట నలిగిన పెద్ద పుస్తకం ఉందని నాకు తెలుసు. ఆ అరలో ఏ పుస్తకం ఎక్కడుందో అక్కడ పనిచేసేవాళ్లకన్నా నాకే బాగా తెలుసు. సమస్య ఏమిటంటే అది అక్కడే కూర్చుని చదవాల్సిన పుస్తకం, ఇంటికి ఇవ్వరు.

కౌంటర్ దగ్గర ఉన్నది, నాలుగేళ్ల క్రితం నాకు పిల్లల అర చూపించిన ఆవిడే.

"ఇది ఇవ్వరని మీకు తెలుసు" అంది.

"తెలుసు. సోమవారం తలుపు తీసే సమయానికి తెస్తాను."

"దేనికి?"

"ఒక గొర్రెను విడదీయాలి."

కళ్లద్దాల మీద నుంచి చూసింది. "బతికున్నదా?"

"కాదు."

"అయితే తీసుకెళ్లండి" అంది.

పుస్తకాన్ని తూకం మిషన్‌కు ఆనించి నిలబెట్టాను. బొమ్మ గొప్పగా ఉంది. ప్రతి బొక్కకూ అంకె, ప్రతి కీలుకూ బాణం గుర్తు. బొమ్మలో గొర్రెకు మాంసం లేదు. నా ముందున్నదానికి అంతా మాంసమే. బాణం గుర్తు చూపిన చోటును లెక్కగట్టి, కుడి వెనక కాలు మోకాలి దగ్గర కత్తి దింపాను. కిర్రుమంది. కత్తి కీలులోకి పోలేదు, బొక్క మీద గీసింది. చెల్లె కళ్లు మూసుకుంది. ఉస్తా హెర్ ప్రొఫెసర్ అని కూడా అనలేదు.

అప్పుడు నాకు ఒక దసరా పొద్దు గుర్తొచ్చింది. మా ఊళ్లో దసరా నాడు మటన్ కొట్టు ముందు వరస బస్టాండు దాటి ఉంటుంది. నాకు పదహారేళ్లు. చీకటితో లేచి వచ్చాం. చొక్కా కింద, నడుము దగ్గర గ్రంథాలయం పుస్తకం దోపుకున్నాను, వరస తగ్గితే చదవొచ్చని. నాన్న పిలిచాడు.

"ఇటు రా. ఇయ్యాల నువ్వే ఇడదియ్యి. కాలు పట్టు. కండ్లతోని చూడకు, ఊపు. యాడ ఊగుతదో ఆడ బొటనేలు పెట్టు. కత్తి దాని ఎన్క పోతది."

"నాన్నా, గ్రంథాలయంల బొమ్మలుంటయి. చూసి నేర్చుకుంట తియ్యి" అన్నాను.

నాన్న పకపకా నవ్వాడు. వరసలో ఉన్నవాళ్లకు కూడా వినబడేలా అన్నాడు, "పుస్తకంల గొర్రె ఊగుతదారా?"

అందరూ నవ్వారు. నాకు పౌరుషం వచ్చింది. ఆ రోజే కాదు, ఆ తర్వాత ఎన్నడూ నేర్చుకోలేదు.

బ్యోబ్లింగెన్‌లో కత్తి కింద పెట్టాను. కాలు కింది కొస దగ్గర పట్టుకుని మెల్లగా ఊపాను. ఎడమ చేతి బొటనవేలిని మాంసం మీద నడిపించాను. ఒకచోట, బాణం గుర్తు చెప్పినదానికి రెండు వేళ్లు పక్కన, లోపల చిన్న గుంట తెరుచుకుని మూసుకుంటోంది. తలుపు సందులో వేలు పెట్టినట్టు. కత్తి మొనను అక్కడ ఆనించాను. నొక్కాల్సిన పని కూడా పడలేదు. కాలు తనంతట తానే విడివడి నా చేతిలోకి వచ్చింది.

"ఓహ్" అంది చెల్లె.

తర్వాత ఒక్కొక్కటీ అలాగే వచ్చింది. మోకాలు, జబ్బ, మోచేయి. అయితే పుస్తకాన్ని చిన్నచూపు చూడకండి. తుంటి దగ్గర ఎంత ఊపినా, బొటనవేలు ఎంత వెతికినా తొడ బొక్క ఊడి రాలేదు. చేతులు తుడుచుకోకుండానే పేజీ తిప్పాను. తుంటి గుంటలో, తొడ బొక్క గుండు నడినెత్తి నుంచి లోపలికి ఒక పొట్టి నరం కట్టి ఉంటుందని బొమ్మలో ఉంది. బయటి నుంచి అది ఏ వేలికీ తెలియదు. కత్తి మొనను వంచి లోపలికి పంపి ఆ కట్టు తెంపాను. తుంటి బొక్క చిన్న గీత కూడా లేకుండా బయటికి వచ్చింది. మా నాన్నకు ఆ నరం సంగతి తెలిసే ఉంటుంది, కానీ చెప్పేదాకా నేను ఆగలేదు. చెప్పింది పుస్తకమే.

మూడింటికి పన్నెండు బొక్కలూ స్టీలు పళ్లెంలో వరసగా ఉన్నాయి. చెల్లె వేలితో ముట్టి లెక్కపెట్టింది. గీత పడ్డ బొక్క దగ్గర ఆగింది.

"ఇది నా వల్ల" అన్నాను.

"తెలుసు, విన్నాను కదా" అంది. "రేపు నువ్వూ, అక్కా రావాలి."

మరునాడు నడిచి వెళ్తుంటే నేను మాట్లాడటం లేదని నా భార్యకు నవ్వొచ్చింది. "ఏంది బావా, ఇంటర్ రిజల్టు రోజు గూడ గింత భయపడలె నువ్వు" అంది.

"ఆ రోజు రిజల్టు ముందే తెల్సు" అన్నాను.

చెల్లె ఉండే భవనంలో కింద ఒక పెద్ద గది ఉంది, అద్దెకున్నవాళ్లు ముందే చెప్పి వాడుకోవచ్చు. పదిహేను మంది దాకా ఉన్నారు. నేల మీద దుప్పట్లు, మధ్యలో పొడుగాటి గుడ్డ, దాని మీద రొట్టెలు. గోడ వైపు, తలుపుకు ఎదురుగా, ఎత్తు టోపీ పెట్టుకుని ఒక ముసలాయన కూర్చున్నాడు. చెల్లె వంగి పలకరిస్తే తల ఊపాడు, అంతే. ఆమె ముఖం వైపు చూడలేదు.

ముందు మా ఇద్దరికీ గిన్నెల్లో రసం వచ్చింది. ఆమె పొద్దున ఆరింటికే కుండ పెట్టిందట. ఉప్పు, ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, క్యారెట్. అంతే. కారం లేదు, మసాలా లేదు. పైన కొవ్వు చిన్న చిన్న బిళ్లలుగా తేలుతోంది. నా భార్య నా వైపు చూసి, కొంచెం మిరియాల పొడి ఉంటే బాగుండునన్నట్టు కళ్లెగరేసింది. నేను తాగాను.

ఆదివారం మా కొట్టు కడిగేసరికి మధ్యాహ్నం దాటేది. మా అమ్మ పొద్దుటి నుంచి వెనక దొడ్లో నిలబడి బోటి కడిగేది. మసాలా నూరే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. అమ్ముడుపోకుండా మిగిలిన బొక్కలను ఉప్పు, పసుపు, రెండు ఉల్లిగడ్డలు వేసి కాచేది. దానికి మా ఇంట్లో పేరు కూడా లేదు. ఊరందరికీ మాంసం అమ్మి, మేము తాగేది ఆ నీళ్లు. నాకు అది నచ్చేది కాదు. గబగబా తాగేసి గ్రంథాలయానికి పరుగెత్తేవాణ్ణి. ఇక్కడ, కిర్గిజ్ వాళ్ల గిన్నెలో, అదే ఉంది. ఉప్పు మోతాదుతో సహా.

చెల్లె పెద్ద పళ్లెం తెచ్చి బొక్కలు పంచడం మొదలుపెట్టింది. అప్పుడు నాకు ఇంకొకటి కనబడింది. మా ఇంట్లో అందరం కూర్చున్నాక నాన్న గిన్నెలో చెయ్యి పెట్టి, మొదటి మూలుగ బొక్క తీసి అమ్మ పళ్లెంలో వేసేవాడు. ప్రతి ఆదివారం. మాట్లాడేవాడు కాదు. నేను దాన్ని వడ్డన అనుకున్నాను. ఇన్నేళ్లూ వడ్డన అనే అనుకున్నాను. అది వరస. పొద్దుటి నుంచి నిలబడ్డ మనిషికి మొదటి బొక్క. మా ఇంట్లో కూడా చట్టం ఉంది, దాన్ని ఎవరూ నాకు చదివి వినిపించలేదు.

చెల్లె పెద్దనాన్న ముందు మోకాళ్ల మీద కూర్చుని జంబాష్ పెట్టింది.  ఆయన దాన్ని ముట్టలేదు. కాసేపు చూశాడు. తర్వాత ఒక చేత్తో ఎత్తి, గుంట ఉన్న వైపు వెలుతురుకు తిప్పాడు. బొటనవేలితో గుంట అంచు చుట్టూ తడిమాడు. మా నాన్న కొత్త కత్తిని అలాగే తడుముతాడు. 

ఏదో అడిగాడు. చెల్లె నన్ను చూపించింది. ఆయన మళ్లీ అడిగాడు. ఉల్మ్ నుంచి వచ్చిన కొడుకు జర్మన్‌లో చెప్పాడు, "ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడుగుతున్నాడు."

"మా నాన్న దగ్గర" అన్నాను. అది ఒప్పుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. "తుంటి మాత్రం పుస్తకంలో."

కొడుకు రెండూ చెప్పినట్టున్నాడు. ముసలాయన మీసాల కింద నవ్వు కదిలింది. సంచిలోంచి చిన్న కత్తి తీశాడు. తుంటి బొక్క మీది మాంసాన్ని ఒక మంచి ముక్క కోశాడు. తను తినలేదు. చెయ్యి చాచి చెల్లె అరచేతిలో పెట్టాడు. కిర్గిజ్ వాళ్లలో పెద్దవాళ్లు తమ బొక్కలోంచి ముక్క ఇచ్చేది ఇంటి పిల్లలకే అని నా పక్కనున్నామె మెల్లగా చెప్పింది. చెల్లె ముక్క పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆయన ఒక్క మాట అన్నాడు. దాన్ని ఎవరూ నాకు జర్మన్‌లోకి మార్చలేదు, అవసరం లేకపోయింది. ఆమె తింది.

వెళ్లేటప్పుడు తలుపు దగ్గర ఆయన ఆమెతో ఇంకా ఏదో అన్నాడు. తర్వాత అడిగితే చెప్పింది, "వేసవిలో రా, మీ నాన్న దగ్గరికి నేను తీసుకెళ్తా అన్నాడు."

గీత పడ్డ బొక్క నాకే వచ్చింది. అందులో అన్యాయం ఏమీ లేదు. నా భార్య కంచానికి కొట్టి మూలుగ తీయమంది. నేను తీయలేదు. గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చి, మూడున్నరకు నాన్నకు వీడియో కాల్ చేశాను. అక్కడ పొద్దు గూకింది. నాన్న మరునాటికి కత్తులు నూరుకుంటున్నాడు.

"ఏంది, బొక్క చూపెడ్తున్నవ్?"

"నేను ఇడదీసిన నాన్నా. పన్నెండు. ఒక్కటి ఇరగలె."

"దగ్గర పెట్టు." ఫోన్‌ను ముఖం దగ్గరికి లాక్కున్నాడు. "ఆడ గీత ఉన్నది."

"ఒక్కటే నాన్నా."

"పుస్తకం చూసి కోసినవా?"

"మొదలు చూసిన."

"గందుకే పడ్డది. మరి తక్కినయి?"

"ఊపిన."

 నాన్న దొడ్డి వైపు తిరిగి కేకేశాడు, "ఓ ఇటు రాయే, నీ కొడుకు బొక్క తెచ్చిండు, సూస్తువు గని!"

ఈ రాతకు సాయం చేసిన అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పుకోవాలి. పేర్లు రాయనన్నాను కాబట్టి, నేను నోటితో పిలిచే పేర్లతోనే చెబుతాను. చెల్లెకు, నా తప్పును మెచ్చుకుంటూ నిలదీసినందుకు. చెల్లె పెద్దనాన్నకు, గుంటను వెలుతురులో చూసినందుకు. ఉస్తాకు, అరవకుండా టీ ఇచ్చినందుకు. గుంటూరు అన్నకు, మూడు కిలోలు వదులుకున్నందుకు. మూలుగ బాగుందని ముప్పై మందీ చెప్పారట, అందులో సగం మా తెలంగాణోళ్లే. నా భార్యకు, మామ కూతురిగా నాకు ఇంటర్ ఉందో లేదో చూడనందుకు. అమ్మకు, పేరు లేని ఆ శోర్వకు. నాన్నకు, ఆ దసరా పొద్దున నలుగురిలో నవ్వినందుకు.

చివరగా గ్రంథాలయం ఆవిడకు. సోమవారం తలుపు తీసే సమయానికి పుస్తకం కౌంటర్ మీద పెట్టి, తుంటి బొమ్మ ఉన్న పేజీ నేనే తెరిచి చూపించాను. పేజీ మూలన కొవ్వు మరక, స్పష్టంగా నా బొటనవేలు. డబ్బు కట్టమంటే కట్టడానికి సిద్ధపడే వెళ్లాను. ఆవిడ పేజీని కిటికీ వైపు ఎత్తి చూసింది. సొరుగులోంచి చిన్న చీటీ తీసి, ఆ పేజీ అంకె వేసి, "మరక ఉంది, ముందే గమనించాం" అని రాసి, పుస్తకం అట్ట లోపల అంటించింది. డబ్బు మాట ఎత్తలేదు. పుస్తకం మళ్లీ రెండో అంతస్తులో, కిటికీ పక్క అరలో ఉంది.